షట్టర్ దించాక ఫుట్‌బాల్ మ్యాచ్ ఎక్కడ చూడాలి?

సంపాదకులకు నమస్కారం.

2026 జూన్ 11న ఫుట్‌బాల్ వరల్డ్ కప్ మొదలవుతుంది. ఈసారి అమెరికా, కెనడా, మెక్సికో కలిసి జరుపుతున్నాయి. పోయినసారి 32 జట్లు ఉంటే ఈసారి 48. మ్యాచ్‌లు 104. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని మా బల్లార్షాలో బొగ్గు గని గేటు దగ్గరా, స్టేషన్ బయట టీ కొట్టు దగ్గరా అందరూ అడుగుతున్నది ఒక్కటే: పెద్ద మ్యాచ్‌లు నలుగురం కలిసి కూర్చుని ఎక్కడ చూద్దాం?

నీళ్లు, రోడ్లు, బొగ్గు దుమ్ము ఇన్ని సమస్యలు ఉండగా ఇదొకటా అని ఎవరైనా అనవచ్చు. వాటి గురించి కూడా మేం అర్జీలు పెడుతూనే ఉన్నాం. కానీ రోజంతా ఓపెన్‌కాస్ట్‌లో దుమ్ము మింగే మనిషికి నాలుగేళ్లకోసారి వచ్చే ఆ నెల రోజులు ఎంత విలువైనవో మా కాలనీకి వస్తే తెలుస్తుంది. బ్రెజిల్ జెర్సీ పిల్లలకి దసరా బట్టలతో సమానం.

పోయినసారి సంగతి చెప్తాను. 2022 డిసెంబర్ 18, ఆదివారం. అర్జెంటీనా, ఫ్రాన్స్ ఫైనల్. మా గని వాళ్లం ఐదుగురం ఒక బార్‌కి వెళ్లాం. పేరు రాయను, ఎందుకంటే తప్పు ఆ ఒక్కరిది కాదు. టీవీ కౌంటర్ పైన ఉంది. మా టేబుల్‌కీ టీవీకీ మధ్య స్తంభం. ఒక వైపు గోల్‌పోస్టు కనిపిస్తే రెండోది కనిపించేది కాదు. టీవీ మ్యూట్‌లో పెట్టి స్పీకర్లలో పాటలు వేశారు. అర్జెంటీనా 2-0తో ముందుంటే, ఇక అయిపోయిందిలే, సినిమా పెట్టమని పక్క టేబుల్ వాళ్లు రిమోట్ అడిగారు. బతిమాలి ఆపించాం. 80వ నిమిషంలో ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే పెనాల్టీ కొట్టాడు. రెండు నిమిషాలు తిరగకముందే అతనిదే ఇంకో గోల్, 2-2. రిమోట్ అడిగినవాళ్లే కుర్చీ ఎక్కి చూశారు.

ఎక్స్‌ట్రా టైంలో అర్జెంటీనాకి మెస్సీ ఒకటి, ఫ్రాన్స్‌కి ఎంబాపే ఒకటి. 3-3. గెలుపు తేల్చే పెనాల్టీ కిక్కులకి సిద్ధమవుతుండగా లైట్లు తీసేసి, షట్టర్ సగం దించి, బిల్లు చేతిలో పెట్టారు. వంగి బయటికి వచ్చాం. మూసేసిన పాన్ డబ్బా ముందు నిలబడి ఒకే ఫోన్ చుట్టూ ఎనిమిది తలలు. ఫోన్‌లో బొమ్మ వెనకబడి వస్తుంది కదా, మాకు ఆటగాడు బంతి సర్దుకుంటూ కనిపిస్తుండగానే ఎదురింటి కేబుల్ టీవీ ముందు నుంచి అరుపులు. అర్జెంటీనా గోల్‌కీపర్ మార్టినెజ్ బంతి ఆపింది అలాగే తెలిసింది. చివరికి అర్జెంటీనా ఆటగాడు మోంటియెల్ కొట్టే వేళకి ఫోన్‌లో గుండ్రంగా తిరగడం మొదలైంది. ముప్ఫై ఆరేళ్ల తర్వాత అర్జెంటీనా కప్పు గెలిచిన ఆ కిక్కుని మేం చూడలేదు. ఎదురింటి కేకలు విన్నాం, అంతే.

ఆ బార్ ఆయన్ని నేను తప్పు పట్టను. లైసెన్సులో రాసిన వేళకి మూయకపోతే ఆయన మీదికే వస్తారు. ఒక సోడా, ఒక ప్లేటు వేరుశనగలతో రెండు గంటలు టేబుల్ పట్టుకుని కూర్చునే మాలాంటి వాళ్లతో ఆయనకి గిట్టుబాటు కూడా కాదు. పెద్ద తెర, మంచి సౌండ్ ఉన్న బార్లు కావాలంటే నాగ్‌పూర్ వెళ్లాలి. అది 150 కిలోమీటర్ల పైనే. సోమవారం పొద్దున్నే మొదటి షిఫ్ట్ ఉన్నవాడు మ్యాచ్ కోసం అంత దూరం పోయి రాలేడు.

ఈసారి ఇంకా కష్టం. మన టైం ప్రకారం మొదటి మ్యాచ్ రాత్రి 12:30కి. రెండు సెమీఫైనల్సూ అంతే. ఫైనల్ అక్కడ జూలై 19 మధ్యాహ్నం అయితే ఇక్కడ ఆదివారం అర్ధరాత్రి దాటి 12:30. ఆ వేళకి మా ఊళ్లో అన్ని షట్టర్లూ దిగి ఉంటాయి.

ఒకవేళ తెరిచి ఉన్నా అందులోకి వెళ్లగలిగేది ఎవరు? మహారాష్ట్రలో బీరు తాగడానికి 21 ఏళ్లు, విస్కీ లాంటి ఘాటు మద్యానికి 25 ఏళ్లు నిండాలి. మా అబ్బాయికి 19. చంద్రపూర్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, కాలేజీ టీంలో డిఫెండర్. ఫుట్‌బాల్ గురించి మా ఇంట్లో అందరికంటే వాడికే ఎక్కువ తెలుసు. వాణ్ని బార్‌కి తీసుకుపోవడం నాకు ఇష్టం లేదు, చట్టం కూడా ఒప్పుకోదు. మా చెల్లెలు స్కూల్లో ఉండగా జిల్లా స్థాయిలో ఆడింది. తను మ్యాచ్ చూడాలంటే బార్‌లో ఏ మూల కూర్చోవాలి? ఆట తెలిసిన ఇద్దరు ఇంట్లో చిన్న ఫోన్‌లో చూస్తుంటే నేను బార్‌లో స్తంభం పక్క నుంచి తొంగి చూడడం ఏం బాగుంటుంది?

మా జిల్లాలో 2015 ఏప్రిల్ 1 నుంచి 2021 దాకా మద్యనిషేధం ఉంది. అంటే 2018 వరల్డ్ కప్పప్పుడు బార్లే లేవు. ఫ్రాన్స్ 4-2తో క్రొయేషియాని ఓడించిన ఫైనల్‌కి మా ఇళ్ల లైన్‌లో ఒకాయన టీవీని వాకిట్లో బల్ల మీద పెట్టాడు. జూలై కదా, మధ్యలో చినుకులు పడ్డాయి. ఇద్దరు పిల్లలు టీవీ మీద గొడుగు పట్టుకుని నిలబడ్డారు. అమ్మలక్కలు గుగ్గిళ్లు ఉడకబెట్టి తెచ్చారు. అక్కడ మాస్కోలో కప్పు ఇచ్చేటప్పుడూ వాన, ఇక్కడా వాన. నా జీవితంలో నేను బాగా చూసిన ఫైనల్ అదే. బార్ లేని ఏడాదిలో.

పక్కన గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి ఇప్పటికీ నిషేధమే. సిరోంచలో మా బంధువులు కూడా ఇలా వాకిళ్లలోనే చూస్తారు.

అందుకే నేను అడిగేది బార్లు ఎక్కువసేపు తెరవమని కాదు. మా కాలనీల్లో కమ్యూనిటీ హాళ్లు ఉన్నాయి. పెళ్లిళ్లు లేని రోజుల్లో తాళం వేసే ఉంటాయి. మున్సిపాలిటీ గానీ, గని, మిల్లు యాజమాన్యాలు గానీ వాటిని నాలుగు రాత్రులు తెరవాలి: మొదటి మ్యాచ్, రెండు సెమీఫైనల్స్, ఫైనల్. ప్రొజెక్టర్ కొత్తగా కొననక్కర్లేదు. గణేశ్ మండపాల వాళ్ల దగ్గర తెరలు ఉన్నాయి, క్రికెట్ ఫైనల్‌కి చౌక్‌లో అవే కట్టారు. కేబుల్ గానీ డిష్ గానీ పెట్టాలి, ఫోన్ నుంచి తెర మీద వేస్తే మళ్లీ ఎదురింటి అరుపులే ముందు వినాలి.

రాత్రి పదింటి తర్వాత మైక్ పెట్టకూడదని పోయిన ఏడాది మాకు ఒక ఆఫీసులో చెప్పి పంపించేశారు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు చదివాను. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్ వద్దన్న మాట నిజమే, కానీ తలుపులు మూసిన హాల్లో, లోపలివాళ్ల కోసం పెట్టుకుంటే మినహాయింపు ఉంది. కమ్యూనిటీ హాల్ అనే మాట ఆ నియమంలోనే ఉంది. అయినా సౌండ్ తగ్గించే పెడతాం. చుట్టుపక్కల నైట్ షిఫ్ట్ చేసి పడుకునేవాళ్లు, చంటిపిల్లలు ఉంటారు. ప్రసార హక్కులు ఉన్నవాళ్లని కూడా ముందే అడిగి కాగితం తెచ్చుకోవాలి. టికెట్ మాత్రం పెట్టకూడదు, పెడితే అది వ్యాపారం అవుతుంది.

బార్లు నడిపేవాళ్లకి కూడా ఒక విన్నపం. రాత్రి 9:30కి మొదలయ్యే మ్యాచ్‌లు కొన్ని ఉన్నాయి, వాటికి మేం మీ దగ్గరికే వస్తాం. ఈ రోజు మ్యాచ్ వేస్తాం, సౌండ్ ఉంటుంది, టేబుల్‌కి ఇంత అని బయట బోర్డు మీద రాయండి. సోడా తాగేవాడి దగ్గర కూడా ఆ టేబుల్ డబ్బులు తీసుకోండి, మాకు అభ్యంతరం లేదు. మధ్యలో చానల్ మార్చొద్దు. మూసే వేళ అవుతుంటే పావుగంట ముందు చెప్పండి, పెనాల్టీలప్పుడు కాదు.

మీ పేపర్ చదివే అధికారులు మా ప్రాంతంలో కూడా ఉన్నారు. హాల్ తాళం ఎవరిని అడగాలో, అర్జీ ఎవరికి ఇవ్వాలో వాళ్లలో ఒక్కరు చెప్పినా చాలు. కుర్చీలు మా ఇళ్ల నుంచి మోసుకొస్తాం. మ్యాచ్ అయ్యాక హాల్ ఊడ్చి, పొద్దున షిఫ్ట్‌కి పోయేముందు తాళంచెవి తిరిగి ఇస్తాం.

ఇట్లు,
ఒక గని కార్మికుడు,
బల్లార్షా, చంద్రపూర్ జిల్లా