కోర్టు తెలిసినవారే లా క్లినిక్ నడపాలి
లా కాలేజీల్లో క్రిమినల్ డిఫెన్స్ శిక్షణ మూట్‌కోర్టు (నమూనా కోర్టు వాదనలు) దగ్గరే ఆగిపోతోంది. బార్ కౌన్సిల్ సిలబస్‌లో ఒక సివిల్, ఒక క్రిమినల్ విచారణ పరిశీలనకు 30 మార్కులున్నా, విద్యార్థులు ఆ పరిశీలన డైరీలను ఒకరివి చూసి ఒకరు రాసేస్తున్నారు. డిఫెన్స్‌కు ఎలాంటి మెళకువలు కావాలో ఒక ఉదాహరణ: పోలీసులకిచ్చిన వాంగ్మూలానికి భిన్నంగా సాక్షి కోర్టులో చెబితే, ఆ భాగాన్ని సాక్షి ముందుంచి అడగాలి. పోలీసులకు అలా చెప్పలేదని సాక్షి అంటే, చెప్పినట్టు దర్యాప్తు అధికారి చేత రుజువు చేయించాలి. ఈ రెండో మెట్టు మరిస్తే క్రాస్ ఎగ్జామినేషన్ ఎంత బాగా చేసినా ఆ వైరుధ్యం సాక్ష్యంగా నిలవదు, నష్టపోయేది ముద్దాయి. పూర్తికాల జీతంపై ఉన్న అధ్యాపకుడు వకాలతు వేయలేడు కనుక ఇలాంటివి ఆయనకు నిత్యానుభవం కావు. న్యాయవాదుల లా బోధనపై ఉన్న 1979 నిబంధనల ప్రకారం ప్రాక్టీసులో ఉన్న న్యాయవాది రోజుకు 3 గంటల వరకు బోధించవచ్చు. కాలేజీలు సెషన్స్ కోర్టు డిఫెన్స్ న్యాయవాదులను ఇలా నియమించి, ముగిసిన కేసుల రికార్డులతో విద్యార్థులకు ఆచరణ నేర్పే లా క్లినిక్ నడిపించాలి.