పట్టీలు నల్లబడ్డాయని నన్ను దొంగని చేస్తే ఎట్టా?

ఇందుకూరుపేట,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి నువ్వు వేసిన కేకలకి మా వాకిట్లో కుక్క కూడా లేచి కూర్చుంది. "తెలిసిన షాపని చిన్నబజారుకి తీసుకెళ్ళావు, పాపకి కొన్న వెండి పట్టీలు మూడు నెలలకే బొగ్గుల్లా అయినాయి, నకిలీ సరుకని మా అత్తగారు రోజూ అంటున్నారు, నాకు ముఖం చెల్లడం లేదు" అని ఒక్క ఊపిరిలో అనేసి పెట్టేశావు. తిరిగి చేస్తే ఎత్తవు. వాట్సాప్‌లో రాస్తే రెండు టిక్కులు నీలమవుతాయి గానీ నువ్వు మొదటి లైను దాటి చదవవని నాకు ఇంటర్ నుంచీ తెలుసు. అందుకే కాయితం తీసుకున్నా. కూర్చుని చదువు.

రొయ్యల గుంటల్లో నీళ్ళూ మట్టీ పరీక్షలు చేసుకునేవాడికి వెండి సంగతి ఏం తెలుసని అనుకుంటావేమో. వెండిని నల్లబరిచే గాలి ఏదైతే ఉందో, దానితోనే రా నాకు రోజూ పని. అయితే ఆ ముక్క నాకు నా పెళ్ళయిన కొత్తలో గానీ తట్టలేదు. నీకెప్పుడూ చెప్పలేదు ఆ కథ, సిగ్గేసి.

పెళ్ళయ్యాక మేం కాపురం పెట్టింది మైపాడు దారిలో, గుంటలకి రెండు వందల గజాల దూరంలో. నెల తిరక్కుండానే మా ఆవిడ మెట్టెలూ పట్టీలూ నల్లగా మసిబారిపోయాయి. మా అమ్మ ముందు "వేడి ఒళ్ళు" అంది. తర్వాత మా మేనత్త వచ్చి "ఒంట్లో ఏదో ఉంది, డాక్టరుకి చూపించండి" అంది. పక్కింటావిడ ఇంకో మెట్టు ఎక్కి జాతకం చూపించమంది. కొత్త కోడలు, ఏం మాట్లాడుతుంది? మజ్జిగ తాగమంటే తాగింది, సబ్జా గింజలు నానబెట్టి ఇస్తే మింగింది. నేనూ నోరు మూసుకునే ఉన్నా. అదే నా తప్పు.

ఒకరోజు దేవుడి గది తుడుస్తూ వెండి కుందులు బయటికి తీసి మా అమ్మ ముందు పెట్టింది. అవీ నల్లగానే ఉన్నాయి. "అత్తమ్మా, మరి దేవుడికి కూడా వేడి ఒళ్ళేనా?" అని అడిగింది. మా అమ్మ పది నిమిషాలు మాట్లాడలేదు. ఆ తర్వాత మజ్జిగ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

నాకు మాత్రం ఆ ప్రశ్న పట్టుకుంది. ఆ వారమే ఒక గుంటలో పట్టుబడి, అంటే రొయ్యలు పట్టేయడం, అయింది. నీళ్ళు తీసేశాక అడుగున ఉండే నల్లమట్టి నువ్వు చూశావు కదా, ఆ వాసనకి మా బండి దగ్గరే ఆగిపోయావు ఒకసారి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. తినకుండా మిగిలిన మేతా, రొయ్యల మలమూ అడుగున పేరుకుంటాయి. అక్కడ గాలి ఆడదు. సముద్రపు నీళ్ళలో సల్ఫేటు బాగా ఉంటుంది, లీటరుకి రెండున్నర గ్రాముల పైనే. గాలి లేని ఆ బురదలో కొన్ని రకాల బాక్టీరియా దాన్ని వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ అనే, గంధకం ఉన్న గ్యాసుని వదులుతాయి. రొయ్యకి అది విషం. ఆ గ్యాసు భయానికే నేను రైతులకి నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆపొద్దని, మేత తగ్గించమని మొత్తుకుంటూ ఉంటాను. ఆ రోజు సాయంత్రం దాకా ఆ గట్టు మీదే ఉన్నా. ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుంటుంటే నా వేలికున్న వెండి ఉంగరం పొద్దున ఉన్న రంగులో లేదు. గోధుమరంగు తిరిగిపోయింది. రెండేళ్ళుగా ఊరూరా చెబుతున్న గ్యాసు నా ఇంట్లో నా పెళ్ళాం కాళ్ళ మీద కూర్చుని ఉంటే, నేను దానికి సబ్జా నీళ్ళు తాగించాను!

విషయం ఇంతే బావా. ఇనుముకి తుప్పు పట్టినట్టు వెండికి పట్టేది తుప్పు కాదు. మామూలు గాలిలో ఉండే ఆక్సిజన్ ఒక్కటే వెండిని ఏమీ చేయలేదు. వెండికి గంధకం అంటే పిచ్చి. గాలిలో గంధకం ఉన్న గ్యాసు మన ముక్కుకి కూడా తెలియనంత తక్కువ ఉన్నా, కాస్త తేమ తోడైతే చాలు, వెండి దాన్ని పట్టేసుకుంటుంది. అప్పుడు పైన సిల్వర్ సల్ఫైడ్ అనే పొర కడుతుంది. పొర పల్చగా ఉన్నప్పుడు లేత పసుపు, తర్వాత గోధుమ, ఒక్కోసారి నీలం, ఊదా, ఇంకా మందమైతే నలుపు. రోడ్డు మీద వాన నీళ్ళలో పెట్రోలు బొట్టు పడితే రంగులు ఆడతాయే, అలాంటి తమాషానే. పొర కింద వెండి చెక్కుచెదరకుండా ఉంటుంది. తుప్పులా లోపలికి తినుకుంటూ పోదు.

ఇప్పుడు మీ అత్తగారి మాటకొద్దాం. "నల్లబడింది కాబట్టి నకిలీ." ఆవిడకి ఎదురు చెప్పే ధైర్యం నీకు లేదు, సరే. కానీ ఆవిడ అన్నదానికి తలకిందులు నిజం. గంధకంతో నల్లబడటం వెండి గుణం. బిల్లు తీసి చూడు, 925 అని ఉంటుంది. అంటే వెయ్యి పాళ్ళలో 925 వెండి, మిగతా 75 చాలావరకూ రాగి. స్వచ్ఛమైన వెండి మెత్తన, దాంతో పట్టీలు చేస్తే మీ పాప రెండు గంతులేస్తే కొక్కెం సాగిపోతుంది. అందుకే రాగి కలుపుతారు. ఆ రాగి కూడా నల్లబడే రకమే కాబట్టి 925 కాస్త తొందరగా మసిబారుతుంది. 999 వెండి బిళ్ళ కొనుక్కుని బీరువాలో పెట్టినా ఆలస్యంగానైనా రంగు మారుతుంది. టచ్, అంటే అందులో వెండి పాలు, తక్కువైతే ఇంకా త్వరగా అవుతుంది, నిజమే. కానీ ఎన్ని రోజుల్లో నల్లబడిందో లెక్కేసి టచ్ ఎంతో చెప్పడం నగలు చేసే ఏ ఆచారికీ సాధ్యం కాదు, ఎందుకంటే అది ఏ ఊళ్ళో ఉంది, ఏ గదిలో ఉంది, పక్కన ఏముంది అన్నదాన్ని బట్టి మారిపోతుంది.

మా పెద్దమ్మ దగ్గర ఒక పళ్ళెం ఉండేది. పేరంటాలకి తప్ప బయటికి తీసేది కాదు. "చూడండర్రా, ఇరవై ఏళ్ళయినా ఒక్క మచ్చ లేదు, అదీ అసలు వెండంటే" అని మా అమ్మ కుందుల్ని దెప్పిపొడిచేది. ఆ మధ్య డబ్బు అవసరమై అమ్మబోతే ఆచారి గీటురాయి మీద గీసి, ఆమె ముఖంలోకి చూడలేక పళ్ళెం వెనక్కి ఇచ్చేశాడంట. అది జర్మన్ సిల్వర్. పేరులో సిల్వర్ ఉందే గానీ అందులో వెండి చుక్క కూడా ఉండదు. రాగి, నికెల్, జింక్. ఇప్పుడు గృహప్రవేశాలకీ వ్రతాలకీ రిటర్న్ గిఫ్టుగా ఇచ్చే కుంకుమ భరిణలన్నీ ఎక్కువ అదే. ఇవ్వడం తప్పు కాదులే, అందంగానే ఉంటాయి, కానీ వెండి అనుకుని దాచుకునేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. అలాగని నల్లబడకపోతే నకిలీ అని కొత్త సూత్రం తయారుచేయకు. అసలు వెండికే పైన రోడియం అనే తెల్ల లోహం పూత వేసి అమ్ముతారు, ఆ పూత ఉన్నన్నాళ్ళు అదీ తెల్లగానే ఉంటుంది.

మీ బావమరిది అయస్కాంతం పెట్టి చూశాడన్నావు. అతుక్కుంటే లోపల ఇనుము ఉన్నట్టే. కానీ అతుక్కోకపోతే వెండి అని ఎవరు చెప్పారు? రాగీ అతుక్కోదు, ఇత్తడీ అతుక్కోదు, జర్మన్ సిల్వరూ సాధారణంగా అతుక్కోదు. ఐసు ముక్క పరీక్ష కూడా చేస్తామన్నారంట. వేడిని లోహాలన్నిటిలోకీ బాగా మోసేది వెండే, ఐసు గబగబా కరుగుతుంది, ఒప్పుకుంటా. రాగి మీద పెట్టి చూడమను, తేడా మీ కంటికి ఆనదు. ఇవన్నీ ఎందుకు, కొక్కెం దగ్గర నాణ్యత చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ గుర్తూ, 925 లాంటి అంకే ఉన్నాయో లేదో భూతద్దంతో చూడండి. నమ్మకం లేకపోతే హాల్‌మార్క్ సెంటర్లో మిషన్ మీద పెట్టించు. తక్కువ వస్తే షాపువాడితో తగాదా నేనే పడతా, నువ్వు చొక్కా మడవక్కర్లేదు.

ఒంటి వేడి, చెడు రక్తం, దిష్టి లాగేసుకోవడం, ఇవన్నీ మా ఇంట్లో కుందుల దగ్గరే తేలిపోయాయి కాబట్టి మళ్ళీ ఎత్తను. చెమటతో బొత్తిగా సంబంధం లేదని కాదు. చెమటలో ఉప్పూ, కొంచెం గంధకం ఉన్న పదార్థాలూ ఉంటాయి, మనిషికీ మనిషికీ కాస్త తేడా ఉంటుంది. గజ్జికి రాసే గంధకం మందు రాసుకుంటే వెండి మొలతాడు ఒక్క రోజులో నల్లబడుతుంది. అయితే ఒకటి గమనించు. గుంటల పక్కన లాంటి చోట తప్ప, రోజూ వేసుకునే వెండి బట్టకీ ఒంటికీ రాసుకుని మెరుస్తూనే ఉంటుంది, బీరువాలో దాచిందే నల్లబడుతుంది. మా ఇంట్లో ఇప్పుడు వేసుకుని తిరిగే పట్టీలే తెల్లగా ఉంటాయి.

బీరువా అన్నాను కాబట్టి నీ కేసులోకి వస్తా. నువ్వు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. పట్టీ అంతా ఒకేలా నల్లబడలేదు. మధ్యలో ఒకచోట అడ్డంగా గీత గీసినట్టు కటిక నలుపు, దాని చుట్టూ నీలం, ఆ చుట్టూ పసుపు. నిన్న చెల్లెమ్మకి ఫోన్ చేసి ఎలా దాచారమ్మా అని అడిగా. దీపావళికి పాప వేసుకుందట, ఆ రాత్రే తీసి, చిక్కుపడకుండా రెండూ కలిపి రబ్బరు బ్యాండు వేసి, ఉన్ని స్వెట్టరు మడతలో పెట్టారట! దొంగ దొరికాడు. రబ్బరు గట్టిపడటానికి గంధకం కలిపి ఉడికిస్తారు, అది మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. ఉన్నిలోనూ గంధకం ఉంటుంది. మతాబుల మందులో గంధకం సంగతి చెప్పనే అక్కర్లేదు. మా గుంటల పక్కన పెట్టినా ఇంతగా నల్లబడేవి కావేమో.

నమ్మకపోతే ఒక పని చేయి. గుడ్డు బాగా ఉడకబెట్టి, చిదిమి, మూత గట్టిగా ఉండే డబ్బాలో పెట్టి, పక్కన చిన్న గిన్నెలో నీ ఉంగరం పెట్టు. గుడ్డుకి తగలక్కర్లేదు. మర్నాటికి చూడు. మా పిల్లలకి నేను చేసి చూపించా, నీ చెల్లెలు ఆ డబ్బా ఇప్పటికీ వంటింట్లోకి రానివ్వడం లేదు.

పోగొట్టడం కూడా తేలికే. గిన్నె అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచి, దాని మీద పట్టీలు తగిలేలా పెట్టి, బాగా వేడి నీళ్ళు పోసి, లీటరుకి రెండు చెంచాల వంటసోడా వేయి. కొంచెం ఉప్పు వేసినా మంచిదే. గుడ్డు వాసన వస్తుంది, కంగారుపడకు, అది పోతున్న గంధకమే. అల్యూమినియం గంధకాన్ని లాక్కుని వెండిని వెండిగా వదిలేస్తుంది. ఇందులో వెండి తరగదు. అయితే అతికించిన రాళ్ళున్నవీ, ముత్యాలున్నవీ ఇందులో ముంచకు. ఆక్సిడైజ్డ్ అని కావాలని నల్లగా చేసినవి కూడా వద్దు, డబ్బులిచ్చి కొన్న నలుపు కడిగేసుకున్నట్టవుతుంది. అన్నట్టు ఆ ఆక్సిడైజ్డ్ అనే పేరు కూడా వట్టిదే, అదీ చాలావరకు గంధకంతో తెప్పించిన నలుపే. మీ పట్టీలకి మువ్వలున్నాయి కదా, లోపల నీళ్ళు నిలుస్తాయి, గట్టిగా విదిలించి ఎండలో కాదు, ఫ్యాన్ కింద ఆరబెట్టు.

చింతపండు మాత్రం వద్దు. అది ఇత్తడికీ రాగికీ పనికొస్తుంది గానీ ఈ నలుపుని ఆ పులుపు కరిగించలేదు. తెల్లబడినట్టు కనిపిస్తే అది పీచుతో నువ్వు తోమిన తోముడు. టూత్‌పేస్టూ అంతే, రుద్ది గీతలు పెడుతుంది. మా అవ్వ ప్రతి శుక్రవారం విభూతితో తోమేది. మా ఇంట్లో కుంకుమ గిన్నె మీద లక్ష్మీదేవికి ఇప్పుడు ముక్కు లేదు. రోజూ పట్టే మురికికి కుంకుడుకాయ నీళ్ళు చాలు. తర్వాత బాగా తుడిచి, గాలి తీసేసి జిప్ కవర్లో వేసి, ఒక సుద్దముక్క పడేయి, తేమ పీలుస్తుంది.

సంక్రాంతికి ఎటూ వస్తావు కదా, పట్టీలు నాకే తీసుకురా, ఇక్కడే శుభ్రం చేసి ఇస్తా. చేపల పులుసు ముందురోజే పెట్టించి ఉంచుతా, బొమ్మిడాయలు దొరికితే నీ అదృష్టం. ఈ ఉత్తరం మీ అత్తగారికి చదివి వినిపించు. కానీ రబ్బరు బ్యాండు దగ్గర మాత్రం దగ్గు వచ్చినట్టు చేసి ఆ ముక్క దాటేయి. అది వేసింది ఆవిడేనట, చెల్లెమ్మ చెప్పింది.

నీ బావ