నరారా టికెట్టు మీద ఆటు వేళ అచ్చు వేయించండి

గుజరాత్ రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

కచ్ సింధుశాఖలోని మెరైన్ నేషనల్ పార్కు గురించి ఈ లేఖ. తీరాల వెంట సందర్శకులను నడిపించడం, నీరు దిగినప్పుడు బయటపడే జీవులను గుర్తుపట్టి చూపించడం మా పని. తెలుగులో ఎందుకు రాస్తున్నామంటే, ద్వారక యాత్రకు పోయే తెలుగువాళ్ల బస్సులు జామ్‌నగర్ దాటాక వాడినార్ మలుపు మీదుగానే పోతాయి. ఆ మలుపు తిరిగితే ఈ పార్కులోని నరారా తీరం. మీతో పాటు వాళ్లు కూడా ఇది చదవాలని మా ఆశ.

1980లో అభయారణ్యంగా, 1982లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన ఈ పార్కు దేశంలోకెల్లా మొదటి సముద్ర ఉద్యానం. మిగతా చాలా చోట్ల పగడాలు చూడాలంటే ఈత రావాలి, లేదా అద్దపు అడుగున్న పడవ ఎక్కాలి. నరారాలో మోకాళ్ల దాకా ప్యాంటు మడుచుకుని నడిచి వెళ్లి చూడొచ్చు. ఇంత సులువు కావడమే దీనికి వచ్చిన చిక్కు.

మా విన్నపం ఒక్కటే. ఇక్కడ ఇచ్చే ప్రతి టికెట్టు మీద ఆ రోజు ఆటు వేళ (అంటే నీరు పూర్తిగా దిగే వేళ), అప్పటి నీటిమట్టం, లోపలికి వెళ్లాల్సిన గంట, వెనక్కి తిరగాల్సిన గంట అచ్చు వేయించండి. గేటు తెరవడం, మూయడం కూడా ఆ వేళల ప్రకారమే జరగాలి. కింద రాసినవన్నీ దీని వెంట వచ్చేవే.

సముద్రం ఆఫీసు వేళలు పాటించదు. రోజుకు రెండు ఆటులు, రెండు పోటులు. ఒక ఆటుకూ తర్వాతి ఆటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఇవాళ పొద్దున ఎనిమిదింటికి అడుగంటిన నీరు రేపు ఎనిమిదీ యాభైకి అడుగంటుంది. వారం తిరిగేసరికి ఆ వేళ మధ్యాహ్నం రెండు దగ్గరికి జరుగుతుంది. పోయిన నెల వెళ్లొచ్చినవాళ్లు 'తొమ్మిదింటికల్లా చేరుకోండి, బ్రహ్మాండంగా ఉంటుంది' అంటే, ఆ మాట వాళ్లు వెళ్లిన రోజుకే చెల్లుతుంది.

వేళ ఒక్కటే తెలిస్తే చాలదు, నీరు ఎంత దిగుతుందో కూడా తెలియాలి. సింధుశాఖ లోపలికి పోయేకొద్దీ గరాటులా ఇరుకవుతుంది, నీటి ఎత్తు పెరుగుతుంది. ముఖద్వారంలో ఉన్న ఓఖా దగ్గర పెద్ద పోటుకూ ఆటుకూ తేడా సుమారు మూడు మీటర్లయితే, లోపలి కొసన కాండ్లా దగ్గర ఆరు మీటర్ల దాకా ఉంటుంది. నరారా ఈ రెంటి మధ్య ఉంది. ఆ తేడా కూడా అన్ని రోజులూ ఒకలా ఉండదు. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులకు, అంటే పాడ్యమి, విదియల్లో నీరు బాగా లోతుకు దిగుతుంది. అష్టమి దాటాక నవమి, దశమి రోజుల్లో ఎక్కడమూ అంతంతే, దిగడమూ అంతంతే.

మనవాళ్లకు తగిలే దెబ్బ సరిగ్గా ఇక్కడే. ద్వారకలో ఏకాదశి దర్శనం చేసుకునేలా ప్రయాణం కట్టుకుంటారు. దారిలో కదా అని ముందురోజు నరారా దగ్గర దిగుతారు. అది దశమి! పక్షం మొత్తంలో నీరు అతి తక్కువగా దిగే రోజుల్లో ఒకటి. పగడపు దిబ్బ సరిగా బయటపడదు. అంత దూరం వచ్చి ఊరికే వెళ్లిపోవడం ఇష్టం లేక, మోకాళ్ల లోతు మసక నీళ్లలో తడుముకుంటూ నడుస్తారు. కాలి కింద ఏముందో కనిపించదు. వాళ్లకు పగడం కనపడదు, పగడానికి మాత్రం వాళ్ల అడుగులు తప్పవు. అదే బృందం తిరుగు ప్రయాణంలో, పున్నమి దాటాక ఆగితే ఎంతో తేడా. టికెట్టు దగ్గరే ఈ ముక్క చెప్పే బోర్డు ఉంటే సగం తప్పు అక్కడే ఆగిపోతుంది. నవమి, దశమి రోజుల్లో దిబ్బ మీదికి టికెట్లు ఆపేసి, ఒడ్డు వెంబడి మడచెట్లు చూసే నడక ఒక్కటే ఉంచండి. ఆ రోజుల ఆదాయం పోయినా నష్టం లేదని మా ఉద్దేశం.

ఏ మట్టానికి దిగితే దిబ్బ నడవడానికి వీలవుతుందన్నది కాగితం మీద తేలదు. సర్వే ఆఫ్ ఇండియా ఏటా అచ్చువేసే ఆటుపోట్ల పట్టికలు ఓడరేవులకు లెక్క కట్టినవి. నరారాలో ఒడ్డుకూ దిబ్బకూ మధ్య ఉన్న కాలువకూ ఆ లెక్కకూ కొన్ని నిమిషాలు, కొన్ని సెంటీమీటర్లు తేడా ఉంటుంది. గాలి ఒడ్డువైపు గట్టిగా వీచిన రోజున నీరు పట్టికలో ఉన్నంత దిగదు కూడా. అందుకని మీ సిబ్బందిలో ఇద్దరిని రెండు పక్షాలపాటు, అంటే ఒక నెల, పగటి ఆటులన్నిటికీ అక్కడ ఉంచి కొలిపించండి. ఏ రోజు పట్టికలో ఎంత మట్టం ఉంటే కాలువ దాటడానికి వీలైంది, దిబ్బ నెత్తి ఎప్పుడు తేలింది, మళ్లీ ఎప్పుడు మునిగింది అన్నవి రాసుకుంటే చాలు. ఆ నోటుబుక్కే తర్వాత ఏడాదంతా టికెట్లకు ఆధారం.

ఇక ప్రాణాల సంగతి. ఆటు వేళకు అక్కడికి చేరుకోవాలని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ వేళకు వెనక్కి తిరగాలి. ఒడ్డు నుంచి బయల్దేరాల్సింది దానికి గంటన్నర, రెండు గంటల ముందు. వెనక్కి పోయే నీటి అంచును పట్టుకుని నడవాలి. ఎందుకంటే ఆటు అడుగంటాక తొలి గంటలో నీరు పెరిగినట్టే అనిపించదు. పడవలవాళ్ల పాత లెక్క ఒకటుంది: మొత్తం తేడాను పన్నెండు పాళ్లు చేస్తే తొలి గంటలో ఒక పాలు, రెండో గంటలో రెండు, మూడో గంటలో మూడు పాళ్లు ఎక్కుతుంది. తేడా అయిదు మీటర్లనుకోండి. మొదటి గంటలో 40 సెంటీమీటర్ల పైచిలుకు, రెండో గంటలో 80 పైచిలుకు, మూడో గంటలో 125. అంటే మూడు గంటల్లో రెండున్నర మీటర్లు! మొదటి గంట నిదానం చూసి 'ఇంకాసేపు ఉందాం' అనుకున్నవాళ్లు మూడో గంటలో చిక్కుకుంటారు.

పైగా నీరు ఎప్పుడూ ఎదురుగానే రాదు. దిబ్బకూ ఒడ్డుకూ మధ్య కాలువ దిబ్బకన్నా పల్లంలో ఉంటుంది. ముందు నిండేది అదే. దిబ్బ మీద పాదాలు కూడా తడవని మనిషికి వెనక దారి నడుము లోతు అయిపోయి ఉంటుంది. వెళ్లేటప్పుడు చీలమండల లోతులో దాటిన చోటు ఇదేనా అని నమ్మబుద్ధి కాదు.

దీనికి ఖర్చు లేని మందు గుర్తు కర్ర. కాలువ దాటే చోట, పగడం లేని బురదలో, ఒడ్డు నుంచీ దిబ్బ నుంచీ కనిపించేలా నిలువుగా ఒక కర్ర పాతండి. ఇనుప గొట్టమైతే ఉప్పునీరు తొందరగా తినేస్తుంది, సర్వి బాదు మేలు. పిల్లల మోకాలి ఎత్తున పసుపు పట్టీ, దానికి జానెడు పైన ఎర్ర పట్టీ. నీరు పసుపును తాకితే ఈల, అందరూ వెనక్కి. ఎర్రదాన్ని తాకేసరికి దిబ్బ మీద ఒక్కరూ ఉండకూడదు. ఒక్క జాగ్రత్త: నత్తగుల్లలు, నాచు పట్టి పట్టీలు కొద్ది రోజులకే కనిపించకుండా పోతాయి. ప్రతి అమావాస్యకూ, పున్నమికీ గీకి రంగు వేసే బాధ్యత ఒకరి పేరున రాసి ఉంచాలి. లేకపోతే కర్ర ఉంటుంది, గుర్తు ఉండదు. గేటు దగ్గర అంకెలున్న బిళ్లలు ఇచ్చి, తిరిగి వచ్చేటప్పుడు తీసుకుని మేకులకు తగిలిస్తే లోపల ఎంతమంది మిగిలారో ఎవరినీ అడగక్కర్లేదు. ఖాళీ మేకే చెబుతుంది.

గైడుకు పదిమందికి మించి వద్దు. నలభై మంది ఒక నీటిగుంట చుట్టూ మూగితే, వెనకవాళ్లు మెడ చాచి చూడటానికి నిలబడేది పగడం మీదే. గైడుకు తలకింత అని కాక ఆటుకింత అని కూలి కట్టివ్వండి. తల లెక్క అయితే జనాన్ని జంతువులతో మెప్పించాల్సిన అవసరం అతని మీద పడుతుంది. బుడగలా ఉబ్బే పఫర్ చేపను నీళ్లలోంచి ఎత్తి చూపించే అలవాటు ఇలాంటి తీరాల్లో అందువల్లే పుడుతుంది. నీళ్లలో ఉబ్బితే ఆ చేప పొట్టలోకి పోయేది నీరు, తేలిగ్గా కక్కేస్తుంది. గాల్లో ఉబ్బితే పోయేది గాలి. అది బయటికి రావడం కష్టం. వదిలేశాక పొట్ట పైకి తేలి, ఈదలేక కొట్టుకుంటుంది. ఫొటో తీసుకున్నవాళ్లు అప్పటికే మరో గుంట దగ్గర ఉంటారు.

రాళ్ల విషయం ఇంకా చిన్నగా కనిపిస్తుంది కానీ నష్టం పెద్దది. అడుగున పీత ఉందేమోనని రాయి తిప్పి, అలాగే వదిలేస్తారు. రాతి అడుగున చీకట్లో స్పంజులు, గుడ్ల గుత్తులు, వేలెడు లేని జీవులు అంటుకుని ఉంటాయి. అవి ఎండకు మాడతాయి. పైభాగాన ఉన్న నాచు చీకట్లో కుళ్లుతుంది. ఒక్క రాయితో రెండు కాపురాలు కూలతాయి. ఎత్తిన రాయిని మునుపు ఉన్నట్టే తిరిగి పెట్టమని బోర్డు మీద బొమ్మతో చూపిస్తే ఏ భాషవాళ్లకైనా అర్థమవుతుంది.

పగడం మీద కాలు పడితే ఏమవుతుందో కూడా ఆ బోర్డే చెప్పాలి. చూడటానికి రాయే. బతికి ఉన్న పొర పైన కొద్ది మిల్లీమీటర్ల మందం మాత్రమే. చెప్పు అంచు గీసుకుంటే ఆ పొర చిట్లి, అక్కడ నాచు పట్టుకుంటుంది. గుండ్రంగా బండలా పెరిగే పగడాలు ఏడాదికి సెంటీమీటరు అటూ ఇటూ పెరుగుతాయి. పిడికిలంత పగడానికి బడికి పోయే పిల్లల వయసు ఉండొచ్చు. అందుకని నడక ఇసుక మీదా, చచ్చిన దిబ్బ పలకల మీదా మాత్రమే సాగాలి. రెండు దారులు గుర్తుపెట్టి, ఒక నెల ఒకదానికి సెలవిస్తే ఇంకా మంచిది. పాదాలు ఈడ్చకుండా ఎత్తి వేయాలి. లేచిన బురద పక్కనున్న పగడం నోళ్లు మూసేస్తుంది. నీళ్లలో నడవక తప్పని చోట ఒక్కటే మినహాయింపు: ఇసుకలో ఒదిగి ఉండే టేకు చేప తోక ముల్లు పాదానికి దిగకుండా అక్కడ మాత్రం మెల్లగా జరుపుతూ నడవాలి.

యాత్రికులకు రెండు మాటలు. రబ్బరు చెప్పులు వద్దు, బురద లాగేసుకుంటుంది. మోకాళ్ల దాకా వచ్చే గమ్‌బూట్లూ వద్దు, నీరు నిండితే కాలు లేవదు. తాడు కట్టే పాత కాన్వాసు బూట్లు సరిపోతాయి. ఎండకు ఒళ్లంతా క్రీము పూసుకుని గుంటల్లో చేతులు పెట్టే బదులు పొడుగు చేతుల చొక్కా, టోపీ వేసుకోండి. మనిషికి లీటరు నీళ్లు, ఖాళీ సీసా మళ్లీ మీ సంచీలోకే. చచ్చిన పగడం ముక్క అయినా, ఖాళీ గవ్వ అయినా జేబులోకి వద్దు. దిబ్బలు కట్టే పగడాలు, సముద్ర దోసకాయలు 2001 నుంచీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ద్వారక ప్రసాదంతో పాటు కేసు కూడా ఇంటికి తెచ్చుకోకండి.

మంత్రి గారూ, మరో చిన్న ఏర్పాటు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు వేడిని బట్టి పగడాలు తెల్లబడే ముప్పును ముందే హెచ్చరిస్తుంది. కచ్ సింధుశాఖ కూడా ఆ హెచ్చరికల పరిధిలో ఉంది. వేడికి పగడం తన ఒంట్లోని నాచును పోగొట్టుకుని తెల్లబడినప్పుడు అది చచ్చినట్టు కాదు, కోలుకోవచ్చు. కానీ ఆ రోజుల్లో చిన్న గాయం కూడా మోయలేదు. హెచ్చరిక ఉన్నన్నాళ్లు దిబ్బ నడక ఆపేసే అధికారం రేంజ్ అధికారికే ఇవ్వండి. పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగితే ఆ పక్షం గడిచిపోతుంది.

ఇదే పార్కులోని పిరోటన్ దీవి సంగతి వేరు. అక్కడికి పడవ పోటు మీద బయల్దేరి, మళ్లీ పోటు మీదే తిరిగి రావాలి. మధ్యలో ఆటు అంతా దీవి మీదే, దాదాపు పన్నెండు గంటలు. అనుమతి ఇచ్చేటప్పుడు ఆ పన్నెండు గంటలకు నీళ్లు, నీడ, మరుగుదొడ్డి ఏర్పాటు చూడకుండా తేదీ ఒక్కటే రాసిస్తే, ఆ లోటు దీవి మీదే పడుతుంది.

వానలు వెనకబట్టాక నరారాలో రద్దీ మొదలవుతుంది. దానికి ఒక నెల ముందే ఆ ఇద్దరు సిబ్బందినీ నోటుబుక్కుతో కాలువ దగ్గర నిలబెడితే, తొలి టికెట్టు నుంచే ఆటు వేళ అచ్చు వేయొచ్చు. తెలుగు, హిందీ, గుజరాతీల్లో బోర్డుకు కావలసిన మాటలు మేము రాసిస్తాం, డబ్బు అక్కర్లేదు.

ఇట్లు,
తీరం నడకలు నడిపే కొందరు తెలుగువాళ్లు

ప్రతి: మెరైన్ నేషనల్ పార్కు అటవీ అధికారులు, జామ్‌నగర్