మూడో లైటు

అమ్మలూ,

రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక మీ అమ్మకీ నాకూ నిద్ర పట్టలేదు. విమానం దించేముందు గేర్, అంటే చక్రాలు, దించితే మూడింటికి రెండు గ్రీన్ లైట్లే వచ్చాయని, ముక్కు చక్రం లైటు వెలగలేదని, కాళ్లు వణికాయని చెప్పావు. చివరికి చక్రం దిగిందని లైటుకి తెలిపే మైక్రోస్విచ్ పాడైందని తేలింది, క్షేమంగా దిగావు. అయినా "నాకిది చేతకాదేమో నాన్నా" అన్న మాట పొద్దున్నుంచీ నన్ను వదలట్లేదు.

ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవై ఏళ్లు నేను చూసుకున్నది విమానాల చక్రాలనే. నువ్వు పంపిన మీ సెనెకా విమానం మాన్యువల్ కూడా రెండుసార్లు చదివాను. అందులో గేర్‌ని పైన పట్టి ఉంచేది హైడ్రాలిక్ ప్రెషర్. పంపు పోయినా సరే, స్పీడు తగ్గించి ఎమర్జెన్సీ నాబ్ లాగితే ప్రెషర్ వదిలేసి చక్రాలు వాటి బరువుకే కిందికి దిగుతాయి. నువ్వు ఎడమ ఇంజన్ మీదున్న అద్దంలో ముక్కు చక్రాన్ని వెతికి చూశావు కదా, అది చేతకాని పిల్ల చేసే పని కాదు. ఇంకోటి గుర్తుపెట్టుకో. రెక్కల చివర్లా తోకమీదా ఉండే నావ్ లైట్లు వేసి ఉంటే గేర్ లైట్లు మసకబడతాయి, ఎండలో అసలు వెలగనట్టే ఉంటాయి. ముందు అది చూడు. తర్వాత బల్బు మార్చి చూడు.

కానీ బల్బు చూస్తూ విమానాన్ని మర్చిపోకు. 1972 డిసెంబరు 29 రాత్రి మయామీ దగ్గర ఈస్టర్న్ 401 అనే ప్రయాణికుల విమానానికీ సరిగ్గా నీకు వెలగని లైటే వెలగలేదు. చక్రం దిగే ఉంది, మాడిపోయింది బల్బే. కాక్‌పిట్‌లో ఓ మెకానిక్ కూడా ఉన్నాడు. అందరి ధ్యాసా దాని మీదే ఉంటే, విమానం మెల్లగా కిందికి జారుతోందని ఎవరూ గమనించలేదు. 101 మంది పోయారు. మెకానిక్‌గా ఆ సంగతి నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. అందుకే ఒకరు లైటు సంగతి చూస్తుంటే ఇంకొకరు ఎత్తూ స్పీడూ మాత్రమే చూడాలి. ఒక్కదానివే ఉంటే ముందు ఎత్తు, తర్వాతే లైటు.

నిజంగానే చక్రాలు రాకపోతే? మీ ఆస్ట్రేలియాలోనే, 2024 మేలో, న్యూకాజిల్‌లో కింగ్ ఎయిర్ అనే చిన్న విమానానికి అదే జరిగింది. పైలట్ దాదాపు మూడు గంటలు గాల్లో తిరిగి, ఇంధనం తగ్గించుకుని, పొట్ట మీద దించాడు. ముగ్గురూ నడుచుకుంటూ బయటికొచ్చారు. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో! రన్‌వేని ఎంత మెత్తగా తాకిందో నువ్వూ చూడు. అలాంటి రోజొస్తే ఇంజన్లు కాపాడాలని గాల్లోనే ఆపేయకు తల్లీ. ప్రొపెల్లర్లు వంగితే కొత్తవి బిగిస్తారు.

అమ్మ నీతో మాట్లాడాలంటోంది, ఆదివారం ఫోన్ చెయ్యి. ఆ మైక్రోస్విచ్‌లో పోయిందేమిటో, తుప్పా, వైరా, మీ ఇంజనీరుని అడిగి నాకు చెప్పు.

నాన్న