రంగం నుంచి నడిచొచ్చినవాళ్లకు పాఠంలో చోటివ్వాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఏప్రిల్ 6 వస్తే 1942లో విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడిన సంగతి గుర్తు చేసుకుంటాం. మంచిదే. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో తెలుగువాళ్లకు తగిలిన పెద్ద దెబ్బ మన రేవుల్లో కాదు, మనవాళ్లు రంగం అని పిలిచిన బర్మాలో (నేటి మయన్మార్) తగిలింది. హిట్లర్‌తో మొదలై హిరోషిమాతో ముగిసే యుద్ధం పాఠంలో ఆ ఊసు కూడా చేర్చాలి.

జపాన్ బర్మా మీదికి ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. 1937 నుంచి చైనాతో పోరాడుతున్న జపాన్ 1941 జులైలో దక్షిణ ఇండోచైనాలో (నేటి వియత్నాం వైపు) సైన్యం దింపింది. దాంతో అమెరికా చమురు ఆపేసింది. జపాన్ వాడే చమురులో ఎక్కువ భాగం అమెరికాదే. నిల్వలు అయిపోయేలోగా డచ్చివాళ్ల చేతిలోని సుమత్రా, బోర్నియో చమురు బావులు పట్టుకోవాలి. బర్మాలోని లాషియో నుంచి చైనాలోని కున్‌మింగ్‌కు ఆయుధాలు చేరవేసే బర్మా రోడ్డునూ తెంచాలి. డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది. 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి.

రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలు మోసేవాళ్లలో, బియ్యం మిల్లుల్లో పనిచేసేవాళ్లలో, రిక్షాలు లాగేవాళ్లలో ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలవాళ్లు ఎంతోమంది. కూలీలను కుదిర్చే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని కాకినాడలోనో విశాఖలోనో స్టీమరెక్కి, డెక్కు మీద పడుకుని రంగం వెళ్లినవాళ్లు. ఆ మొదటి దాడిలోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. కందకాల్లో దాక్కోవాల్సిన జనం విమానాలను చూద్దామని వీధుల్లోకి వచ్చి నిలబడ్డారు. పడీ పడగానే పేలి ఇనుప ముక్కలు అడ్డంగా చిమ్మే బాంబులవి.

బతికినవాళ్లు ఊరు వదిలారు. దాంతో ఓడల్లో సరుకు దించేవాళ్లు లేరు, వీధుల్లో చెత్త ఎత్తేవాళ్లు లేరు. అక్కడి బ్రిటిష్ ప్రభుత్వం కొందరిని బతిమాలి వెనక్కి తెచ్చుకుంది. పైగా కూలీలు జారిపోకుండా మగవాళ్లకు చవకైన డెక్కు టికెట్లు ఇవ్వకుండా కట్టడి చేసింది. నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచేది ఇదే. క్యాబిన్ టికెట్టు కొనగలిగినవాళ్లు ఓడలో ఇల్లు చేరారు. మిగతావాళ్లు నడిచారు.

మొదటి దారి ప్రోమ్ ఊరి దగ్గర ఐరావతి నది దాటి, పడమటి అరకాన్ కొండల మీదుగా తీరంలోని తౌంగప్, అక్కడి నుంచి అక్యాబ్ రేవు, చిట్టగాంగ్ (నేటి బంగ్లాదేశ్). కొండల్లో నీళ్లు దొరికేవి కావు. ప్రోమ్‌లో జనాన్ని నిలిపేసేసరికి అక్కడ కలరా రేగింది. మార్చి 8న రంగూన్ జపాన్ వశమయ్యాక జనం ఉత్తరానికి మళ్లి, చింద్విన్ నది దాటి, సరిహద్దులోని తమూ మీదుగా ఇంఫాల్ ఎక్కారు. ఆ దారిలో తెల్లవాళ్లకు, ఆంగ్లో ఇండియన్లకు ఒక బాట, మనవాళ్లకు వేరే బాట. ఆఖరున బయల్దేరినవాళ్లకు ఉత్తర బర్మాలోని హుకాంగ్ లోయే మిగిలింది. మే నెలలో వానలు పట్టుకోగా బురదలో, మలేరియాతో, వాగులు దాటలేక కూలిపోయారు. మొత్తం నాలుగైదు లక్షల మంది భారతీయులు ఇటు చేరారని అంచనా. దారిలో పోయినవాళ్లు వేలల్లో ఉంటారు. వాళ్ల పేర్లు రాసిపెట్టినవాళ్లు లేరు.

బర్మా బియ్యం ఆగిపోవడం 1943 బెంగాల్ కరువుకు ఒక కారణం. ఇక్కడి పల్లెలకు రంగం మనీ ఆర్డర్లు ఆగిపోయాయి. బాంబుల భయంతో ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు వదిలి గుంటూరుకు తరలింది.

పదేళ్ల వయసులో ఆ కొండలు దాటిన పిల్లలు ఈరోజు ఉంటే తొంభై దాటి ఉంటారు. అందుకే విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా తీరం ఊళ్లలో ఇప్పుడే పని మొదలుపెట్టాలి. ట్రంకు పెట్టెల్లో ఉన్న డెక్కు టికెట్లు, మేస్త్రీ లెక్కల చీటీలు, మనీ ఆర్డరు రసీదులు, ఉత్తరాలు స్కాన్ చేసి అసలు కాగితాలు ఇంటివాళ్లకే తిరిగివ్వాలి. ఏ రేవులో ఓడెక్కారు, ఏ నెలలో బయల్దేరారు, ఏ దారిన నడిచారు, ఎవరు ఇల్లు చేరలేదు అన్న నాలుగు ప్రశ్నలూ ప్రతి ఇంట్లో అడగాలి. 1942లో వచ్చినవాళ్లను, 1962 తర్వాత నే విన్ సైనిక పాలనలో తిరిగొచ్చినవాళ్లను విడివిడిగా నమోదు చేయాలి. రెంటినీ కలిపి రాస్తే ఏ జ్ఞాపకం ఏ ప్రయాణానిదో తర్వాత విడదీయలేం. వచ్చే సవరణలో పదో తరగతి సాంఘికశాస్త్రంలో దీనికి కనీసం ఒక పేజీ, ఆ మూడు దారులూ గీసిన ఒక మ్యాపు ఇవ్వాలని ఉభయ రాష్ట్రాల విద్యాశాఖలను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం