సీమ పిల్లల కథ ఎప్పుడు?

సంపాదకులకు,

రిక్ ఫముయివా దర్శకత్వంలో 2015లో వచ్చిన ‘డోప్’ అనే అమెరికన్ హాస్యచిత్రాన్ని డిగ్రీ చదువుతున్న మా అబ్బాయితో కలిసి చూశాను. కాలిఫోర్నియాలోని ఇంగిల్‌వుడ్‌లో ముఠాల మధ్య పెరుగుతూ, 1990ల నాటి హిప్‌హాప్‌ను ప్రాణంగా ప్రేమించే ముగ్గురు స్నేహితుల కథ అది. హార్వర్డ్‌లో చేరాలనుకునే మాల్కమ్, తన రంగును, పేటను బట్టి లోకం వేసే అంచనాలతో పెనుగులాడతాడు. ఆ బాధ మాకు తెలుసు. సీమ అనగానే మన సినిమాలు వేటకొడవళ్లనూ పేలే సుమోలనూ చూపిస్తాయి. కానీ సాయంత్రం మా మిద్దె మీద అట్టపెట్టెపై దరువు వేస్తూ, కడప యాసలో ర్యాప్ కట్టే పిల్లల నోటుపుస్తకంలో లెక్కల పక్కనే పాటలుంటాయి. వారిని కథానాయకులుగా చేసి మనసారా నవ్వించే సినిమా తీయాలని మన దర్శకులను కోరుతున్నాను.

— ఒక తండ్రి, కడప