తిరగని బండికి లక్షెందుకు?

అంబాజీపేట,
ఆదివారం.

చి.సౌ. శిరీషకు,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ, అల్లుడుగారూ, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మొన్న ఫోన్లో ఎలక్ట్రిక్ స్కూటర్ కొనే సంగతి అడిగితే నేను ఔననీ కాదనీ అనలేదని అలిగావట, అమ్మ చెప్పింది. డబ్బు లెక్కలు ఫోన్లో తెమలవమ్మా. కాగితం మీద పెడితే నువ్వూ చూసుకోవచ్చు, తప్పుంటే నన్ను నిలదీయనూ వచ్చు. అందుకే రాస్తున్నాను.

పొగ వదలని బండి కొంటే ఊరికీ మంచిది, పెట్రోలు ఖర్చూ తగ్గుతుంది అన్నావు. నీ ఉద్దేశం మంచిదే. ఇప్పుడున్న నీ స్కూటీ వంద కిలోమీటర్లకి రెండు లీటర్ల పైచిలుకు తాగుతుంది. అంటే రెండొందల ముప్పై, నలభై రూపాయలు. అదే దూరానికి ఎలక్ట్రిక్ బండి ఇంచుమించు మూడు యూనిట్లు తీసుకుంటుంది. పాతిక రూపాయలు వేసుకో. వంద కిలోమీటర్లకి రెండొందలు మిగిలాయి. బాగానే ఉంది. కానీ నువ్వు ఆఫీసుకి మెట్రోలో వెళ్తున్నావు. స్కూటీ పాప స్కూలుకీ, కూరలకీ తప్ప బయటికి తీయడం లేదు. నెలకి వంద కిలోమీటర్లు తిరగడం కష్టమని నువ్వే చెప్పావు. నెలకి రెండొందలు మిగుల్చుకోడానికి లక్ష రూపాయలు పెడితే, ఆ లక్ష తిరిగి రావడానికి నలభై ఏళ్లు పడుతుంది. వడ్డీ వేయకుండానే.

రోజుకి యాభై కిలోమీటర్లు తిరిగే మనిషికైతే నేనే దగ్గరుండి కొనిపిస్తాను. అతనికి నెలకి మూడు వేలు మిగులుతుంది. నీకు అక్కర్లేదు. కొత్త బండి తయారవడానికి ఇనుమూ, బ్యాటరీ, కరెంటూ అన్నీ కావాలి కదా. నడుస్తున్న బండిని నడవనీ. అది మూలపడ్డ రోజున ఎలక్ట్రిక్ బండే కొను, నేనూ ఓ చెయ్యేస్తాను.

నా లెక్క ఇంతే. రోజూ గంటల తరబడి నడిచే వస్తువు మీద డబ్బు పెట్టు. మిగతా వాటి జోలికి పోకు.

మరి మీ ఇంట్లో గంటల తరబడి నడిచేదేమిటి? ఫ్యాన్లు. ఉద్యోగమంతా కరెంటు స్తంభాలెక్కి దిగడంతోనే గడిచినవాణ్ణి కాబట్టి ఇది కాస్త వివరంగా రాస్తాను, విసుక్కోకు. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది. రోజుకి పన్నెండు గంటలు తిరిగితే నెలకి 27 యూనిట్లు. బీఎల్‌డీసీ అనే తక్కువ కరెంటు మోటారున్న ఫ్యాన్ 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. నెలకి 11 యూనిట్లు. అంటే రెండు ఫ్యాన్లు మారిస్తే 32 యూనిట్లు తగ్గుతాయి.

ముప్పై రెండే కదా అనుకుంటావు. నువ్వు పంపిన బిల్లులో 230 యూనిట్లున్నాయి, అసలు కిటుకు అక్కడుంది. మీ తెలంగాణలో ఇప్పుడున్న రేట్ల ప్రకారం నెలకి వంద దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వందకి యూనిట్ 3.40, తర్వాతి వందకి 4.80. 200 దాటావంటే మాత్రం దాటిన యూనిట్లకే కాదు, మొదటి 200 యూనిట్లకీ 5.10 లెక్కన వేస్తారు. ఆ పైన 7.70. సరిగ్గా 200 వాడితే 820 రూపాయలు, 201 వాడితే 1,028. ఒక్క యూనిట్‌కి రెండొందల ఎనిమిది రూపాయలు! ఈ సంగతి బిల్లు కట్టేవాళ్లలో చాలామందికి తెలియదు. 230 యూనిట్లకి నీకు పడింది 1,251. ఫ్యాన్లు మార్చి 198కి దింపితే 810. ఫిక్స్‌డ్ ఛార్జీలూ, సుంకమూ వేరే అనుకో. నెలకి 440 మిగులు. రెండు ఫ్యాన్లూ కలిపి ఆరు వేలయినా, ఎండాకాలం ఏసీతో ఎలాగూ 200 దాటుతుంది కాబట్టి ఆ నెలలు పక్కన పెట్టినా, ఏడాదిన్నరలో పెట్టిన డబ్బు వచ్చేస్తుంది. ఆ ఎలక్ట్రిక్ స్కూటర్ ఇంట్లో ఛార్జింగ్ పెట్టి ఉంటే మళ్లీ 200 దాటేదానివి, అదో తమాషా.

అద్దె ఇంట్లో ఫ్యాన్లెందుకు అంటావేమో. పాత ఫ్యాన్లు అటక మీద పెట్టు. ఇల్లు మారేటప్పుడు అవి బిగించేసి, నీవి విప్పుకుపో. ఎలక్ట్రీషియన్‌కి ఒక మాట మర్చిపోకుండా చెప్పు. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి గోడమీది రెగ్యులేటర్ పనికిరాదు, దాన్ని తప్పించి కలపమను. స్పీడంతా రిమోట్‌తోనే.

గీజర్ 2,000 వాట్లు. అరగంటకి ఒక యూనిట్. నువ్వు పొద్దున్నే వేసి, అల్లుడుగారు లేచేదాకా అలా వదిలేస్తున్నావు. స్నానానికి పావుగంట ముందు వేసి, నీళ్లు పట్టుకోగానే కట్టెయ్యి. ఏప్రిల్, మేలో హైదరాబాద్ ట్యాంకు నీళ్లు వాటంతటవే కాగుతాయి, అసలు వేయక్కర్లేదు. ఏసీ ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు ఆరు శాతం దాకా ఆదా అవుతుందని కేంద్రప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. 2020 నుంచి కొత్త ఏసీలన్నీ వేయగానే 24లో మొదలయ్యేలా కేంద్రం చేయించిందీ ఆ సంస్థ సలహాతోనే. దాన్ని 18కి దింపి దుప్పటి కప్పుకుని పడుకోవడం మన అల్లుడుగారి ముచ్చట. 26లో పెట్టి ఫ్యాన్ కాస్త తిప్పితే సరిపోతుంది.

మన డాబా మీద సోలార్ పెట్టించమని కూడా అన్నావు. కనుక్కున్నాను. కేంద్రం వాళ్ల సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్లకి 60 వేలు, మూడుకి 78 వేలు సబ్సిడీ. ఒక్కో కిలోవాట్‌కి నీడ పడని జాగా వంద చదరపు అడుగులు కావాలి. కోనసీమలో అదెక్కడుంది? డాబాకి తూర్పునా పడమరా కొబ్బరిచెట్లే. ఒక పలక మీద మట్ట నీడ పడితే దానితో కలిపిన మిగతా పలకల కరెంటూ తగ్గుతుంది. కాయ రాలిందంటే పలకే పోతుంది. కాపుకొచ్చిన చెట్టు కొట్టి సోలార్ పెట్టడానికి నాకు మనసొప్పదు. ఖాళీ డాబా ఉన్నవాళ్లకి మాత్రం తప్పకుండా చెబుతున్నాను.

ఇక ఆ కొబ్బరి చిప్పల గిన్నెలు. ఫోటో చూసి మీ అమ్మ నవ్వాపుకోలేకపోయింది. రెండు చిప్పలు ఐదొందలా తల్లీ! మన పెరట్లో చిప్పలు బొగ్గు చేసేవాళ్లకి పోతాయి, డొక్కలు పీచు మిల్లుకి పోతాయి. లారీలకి లారీలు వెళ్తాయి. వాటికి పాలిష్ పెట్టి, అట్టపెట్టెలో పెట్టి, అంబాజీపేట పిల్లకే అమ్మారు చూశావా, ఆ వ్యాపారికి దణ్ణం పెట్టాలి. ప్లాస్టిక్ డబ్బాలన్నీ పారేసి గాజు సీసాలు కొన్నానన్నావే, అది కూడా నాకు నచ్చలేదు. డబ్బాలు చెత్తలోకి వెళ్లాయి, డబ్బు సీసాలకి వెళ్లింది. వేడివేడి పదార్థాలు ప్లాస్టిక్‌లో వేయకూడదు, నిజమే. కందిపప్పుకీ మినప్పప్పుకీ ఏం కష్టమొచ్చింది? నీ పెళ్లికి పెట్టిన స్టీలు డబ్బాలు అటక మీదే ఉన్నాయా, అవీ పోయాయా?

ఇదంతా చదివి పల్లెటూళ్లో మేమేదో పుణ్యాత్ములమనుకోకు. వేసవిలో కాలువ కట్టేశాక వచ్చి చూడు. 1852లో కాటన్ దొర ఆనకట్ట కట్టి పారించిన నీళ్లు తాగి బతుకుతున్నవాళ్లం, ఆ కాలువ అడుగున ఏముందంటే, కేకు కింద పెట్టే థర్మోకోల్, పెళ్లిళ్లలో పంచే చిన్న నీళ్ల సీసాలు, పాపాయిల డైపర్లు, రంగు వెలిసిన దేవుడి పటాలు. తూము దగ్గర గుర్రపుడెక్క వేళ్లలో కవర్లు చుట్టుకుని అట్ట కట్టేస్తాయి. కాలువ వదిలాక శివారు రైతుకి నీరందక గొడవలు పడేది ఇందుకూనూ. ప్లాస్టిక్ స్పూన్లు, గ్లాసులు, ప్లేట్లు 2022 జులై 1 నుంచి నిషేధం. 120 మైక్రాన్ల మందం లేని పలచటి కవర్లు ఆ డిసెంబరు ఆఖరు నుంచి. కాగితం గ్లాసులే కదా అని సరిపెట్టుకుంటున్నారు గానీ వాటి లోపలా ప్లాస్టిక్ పొరే ఉంటుంది.

అందుకని పాప పుట్టినరోజుకి ఒక్కటి చెయ్యి. ప్లేట్లూ గ్లాసులూ కొనకు. సామాన్లు అద్దెకిచ్చే షాపులో స్టీలువి తెచ్చుకో. పక్కవాళ్లింట్లో ఓ డజను అడిగినా ఇస్తారు. కడగడానికి మనిషిని పెట్టుకున్నా, పారేసేవి కొన్న ఖర్చుకి మించదు. నీళ్ల సీసాల బదులు ఒక క్యాను, పక్కన గ్లాసులు. పిల్లలు సగం తాగి వదిలేసే సీసాల డబ్బు మిగిలినట్టే.

నీళ్లంటే గుర్తొచ్చింది, మీ ఆర్వో. లీటరు మంచినీళ్లివ్వడానికి రెండు మూడు లీటర్లు తూములో పోస్తుంది. మీ కుళాయి నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, ఒకసారి చూపించు. 500 లోపుంటే ఆర్వో అవసరం ఉండదు, మామూలు ఫిల్టర్ చాలు. హైదరాబాద్‌కి ఎల్లంపల్లి నుంచి మన గోదావరే వస్తోంది. బోరు నీళ్లయి ఆర్వో తప్పకపోతే, ఆ వదిలేసే నీళ్లు బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికీ బాత్రూముకీ వాడు. పూలకుండీల్లో మాత్రం పోయకు, ఉప్పు పేరుకుంటుంది. మీ నానమ్మ కాలువ నీళ్ల బిందెలో చిల్లగింజ అరగదీసి కలిపేది, ఒండ్రు అడుక్కి దిగి నీళ్లు తేటపడేవి. తేటపడ్డాయి గానీ వాంతులూ విరేచనాలూ ఆగలేదు. పాతదంతా మంచిదని నేననను.

వంటింటి సంగతి నాకంత తెలియదు, అమ్మ చెబుతుంటే రాస్తున్నాను. పప్పు అరగంట నానబెట్టు. కుక్కర్‌కి ఒక విజిల్ రాగానే మంట పూర్తిగా తగ్గించు, ఆ తర్వాత పెద్ద మంట పెడితే గ్యాసు ఆవిరై పోవడమే. రాత్రి అన్నం మిగిలితే పారేయకుండా నీళ్లు పోసి పులియబెట్టి తరవాణి వేసుకో. మీ ఆయనకి నచ్చకపోతే నువ్వొక్కదానివే తాగు. రాత్రికి వండే ఓపిక లేక బయటి నుంచి తెప్పించుకుంటున్నారే, ఆ డబ్బులు కలిపి చూసుకోమంటోంది. ఉద్యోగం చేసి అలిసొచ్చిన రోజు తెప్పించుకుంటే తప్పేంటని నేనన్నాను. ఇద్దరికీ ఇక్కడ చిన్న గొడవయింది.

రేపు రాత్రి బస్సులో ఒక గోనె సంచి వేస్తున్నాను. అందులో కొబ్బరికాయలు, రెండు ఈనెల చీపుళ్లు, కుంకుడుకాయలు, గిన్నెలు తోముకోడానికి పీచు, పాత చీరలతో అమ్మ కుట్టిన బొంత ఉన్నాయి. లంగా గుడ్డతో కుట్టిన చేతిసంచులు నాలుగున్నాయి. అవి వంటింట్లో మేకుకి తగిలించకు, స్కూటీ డిక్కీలో ఒకటి, నీ ఆఫీసు బ్యాగులో ఒకటి పెట్టేసుకో, లేకపోతే షాపులో మళ్లీ కవరే అడుగుతావు. గోనె సంచి పారేయకు, ఈసారి వచ్చేటప్పుడు పట్టుకురా. ఫ్యాన్లు బిగించిన తర్వాత వచ్చే మొదటి బిల్లు ఫోటో తీసి పంపు.

ఆశీస్సులతో,
నాన్న.

తా.క. ఏసీ సంగతి నేను రాశానని అల్లుడుగారితో అనకు. నీ మాటగానే చెప్పు.